నూరు కౌంటు నొప్పి

వెంకటకృష్ణయ్యను ఆపరేషన్ థియేటర్లోకి తోసుకుపోయి తలుపు మూసేశారు. ఆ తలుపు ఎదురుగా బెంచీ మీద ఆయన భార్య కోమలను కూర్చోబెట్టి పోయిన వారం మనం ఆగాము. నాలుగు గంటల తర్వాత తలుపు తెరుచుకుంది. మనిషి ప్రాణంతోనే బయటికొచ్చాడు. కడుపులో గడ్డ తీసేశారు. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా కోత. కట్టు మీద చెయ్యి పెట్టి చూసే ధైర్యం కూడా కోమలకు లేకపోయింది.

అయితే ఆమె భయం ఆపరేషన్ గురించి కాదు. దాని తర్వాత వచ్చే రోజుల గురించి.

వెంకటకృష్ణయ్యకు అరవై ఏడేళ్ళు. పుదుచ్చేరిలో మిల్లు నడిచినన్నాళ్ళు నూలు వడికే సెక్షన్లో పనిచేశాడు. ముప్పై నాలుగేళ్ళు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నెల్లితోపులో వాళ్ళ ఇంటికి మెట్లు పన్నెండే, ఆరో మెట్టు మీద నిలబడి గాలి తీసుకుని గానీ ఏడో మెట్టు ఎక్కడు. ఆరేళ్ళ కిందట ఒక చిన్న నర్సింగ్ హోంలో హెర్నియా ఆపరేషన్ చేశారు. నొప్పికని మార్ఫిన్ సూది వేశారు. మనిషి నొప్పి మరిచిపోయాడు. దాంతోపాటు ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయాడు. రెండు రోజులు మిషనే ఆయన బదులు ఊపిరి తీసింది.

ఇప్పుడు కోత దానికి నాలుగింతలు. నొప్పి తగ్గకపోతే దగ్గలేడు. దగ్గకపోతే ఆ ఊపిరితిత్తుల్లో కఫం నిలిచిపోతుంది. నిలిస్తే న్యుమోనియా. నొప్పి తగ్గడానికి సూది వేద్దామా అంటే ఊపిరి ఆగుతుందేమోనని భయం. వెన్నులో మందు పెట్టే దారి కూడా మూసుకుపోయింది. మిల్లులో జారి పడినప్పుడు వెన్నుపూసకు ఇనుప పలక వేశారు.

ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరు జననికి ఇదంతా చెప్పారు. ఆమెది మూలకుళంలో తెలుగు ఇల్లే. మాట్లాడుతుంది, చదవడం రాదు. అంతా విని ఒక మందు పేరు చెప్పింది. కెటమిన్.

నవనీత్ వెంటనే ఫోనులో వెతికాడు. కోమలకు ఒక్కగానొక్క కొడుకు వాడు. "డాక్టర్, ఇది గుర్రాలకిచ్చే మందని ఉండాది. పార్టీల్లో కుర్రోళ్ళు మత్తుకు వాడతారని కూడా ఉండాది. మా నాయినకా ఇది?" అన్నాడు.

"ఉప్పు గుప్పెడు మింగితే మనిషికి ప్రమాదం. చిటికెడైతే కూరలో రుచి," అంది జనని. "నేనిచ్చేది చిటికెడు. నొప్పి ఒకసారి తగులుతుంది, కానీ మన నరాలు దాన్ని పదిసార్లు పైకి చెప్తాయి. ఈ మందు ఆ పదిసార్లు చెప్పడాన్ని ఆపుతుంది. ఊపిరి జోలికి పెద్దగా పోదు. మార్ఫిన్ అసలే వద్దని కాదు, ఆపరేషన్ లోపల కొద్దిగా ఇస్తాను. తర్వాత దాని అవసరం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మాత్రం ముందుగా చెప్పలేను. అందరికీ ఇది పడదు. కొందరికి కలలొస్తాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. అందుకే పక్కన మనిషి ఉండాలి."

ఆ పక్కన ఉండే మనిషి కోమల.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున ఆమె ఆ మందునే చూస్తూ కూర్చుంది. మంచం పక్కన ఇనుప కమ్మికి బూట్ల డబ్బా అంత మిషను. అందులో పడుకోబెట్టిన లావు సిరంజి. దాన్ని మిషనే నెడుతోంది. గంటకు ఒక చెంచాడు నీళ్ళు, ఆ చెంచాడు నీళ్ళలో ఆవగింజంత మందు, అంతే అని నర్సు మలర్ చెప్పింది. కోమల కళ్ళార్పకుండా చూసింది. సిరంజి కదిలినట్టే కనపడలేదు. వేరే చోటికి చూసి, మళ్ళీ చూస్తే కదిలి ఉంది. మిల్లులో నిమిషానికి వేల చుట్లు తిరిగే కదురుల మధ్య ఆమె కూడా ఇరవై ఏళ్ళు నూలు చుట్టింది. ఇంత నెమ్మదిగా పనిచేసే మిషనును ఎప్పుడూ చూడలేదు.

ఎనిమిది గంటలకు మలర్ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మూతికి మాస్కు. అరవంలోనే అడిగింది.

"ఐయా, నొప్పి పదిలో ఎంత?"

వెంకటకృష్ణయ్య మామూలుగానే నాలుగు మాటలడిగితే ఒక మాట చెప్పే మనిషి. కాసేపు ఆలోచించాడు.

"రెండు," అన్నాడు.

"రెండేనా! భలే ఐయా!" అని మలర్ సంబరంగా రాసుకుంది. డ్యూటీ డాక్టరు శిలంబరసన్ వచ్చి ఆ కాగితం చూశాడు. కుర్రవాడు, పొద్దున్నుంచి కూర్చోలేదని నడకలోనే తెలుస్తోంది. "రెండంటే ఇంత మందు ఎందుకు? సగానికి తగ్గించు," అని చెప్పి పక్క మంచానికి పోయాడు.

పది గంటలకు మళ్ళీ రెండు. పదకొండున్నరకు ఒకటి.

కోమలకు ఏదో సరిగా లేదనిపించింది. ఒకటి చెప్పిన మనిషి నుదురంతా చెమట. పిడికిలి బిగించి దుప్పటి పట్టుకున్నాడు. దగ్గు వస్తుంటే మింగేస్తున్నాడు. తలవైపు మానిటర్ తెర మీద ప్రాణవాయువు అంకె తొంభై నాలుగు నుంచి తొంభై ఒకటికి, అక్కడి నుంచి తొంభైకి దిగింది.

"ఏమయ్యా, శానా నొప్పిగా ఉండాదా?"

"చెప్పినాను గదా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. అంతే.

పన్నెండుకు జనని ఇంకో ఆపరేషన్‌కు పోతూ ఐదు నిమిషాలు లోపలికి వచ్చింది. కాగితం చూసింది. మనిషిని చూసింది. మళ్ళీ కాగితం చూసింది. "ఒకటా?" అంది తనలో తనే. నాడి పట్టుకుంది. "ఈ అంకె సంగతి నేను తర్వాత చూస్తాను," అని అదే మందు కొంచెం చేత్తో ఎక్కించి, మిషనులో తగ్గించినదాన్ని మళ్ళీ పెంచి, గబగబా వెళ్ళిపోయింది.

పావుగంట అయింది. కోమల ఆ పావుగంటలో చూసింది తర్వాత ఎంతమందికి చెప్పినా తనకే తృప్తి కలగలేదు.

మొదట పిడికిలి వదులైంది. తర్వాత నుదుటి మీద ముడుతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, పిండి ఆరేసిన గుడ్డను గాలి సాఫు చేసినట్టు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నిద్ర కాదు. ఛాతీ లేచి, దిగి, మళ్ళీ నిండుగా లేచింది. అంత లోతైన ఊపిరి ఆయన తీసుకోగా ఆమె చూసి ఎన్నేళ్ళయిందో.

"కోమలా," అన్నాడు.

"ఏందయ్యా?"

"మంచం కాళ్ళు నేల మీద ఉండాయా?"

ఆమె నిజంగానే వంగి చూసింది. "ఉండాయి."

"నాకు లేనట్టుండాది."

కోమల ఆయన చెయ్యి పట్టుకుంది. "బయంగా ఉండాదా?"

"లే." కొంచెం ఆగాడు. "పాత సెక్షన్లో పొద్దున షిఫ్టు మొదలుగాక ముందు, మిషన్లు తిప్పక ముందు, కిటికీలోంచి ఎండ పడితే దూది ఒట్టి గాలిలో నిలబడేది జూడు. కదలకుండా. అట్ట ఉండాది."

అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

"మరి నొప్పి?"

"ఉండాది. ఈడ గాదు." గడ్డంతో గోడ వైపు చూపించాడు. "ఆ పక్కన. ఎవురో పడతాండారు. నాకు ఇనపడతాంది. పాపం అనిపిస్తాంది."

తన వేలు తగిలిన వేడి గిన్నె తన వేలినే కాలుస్తుంది, ఇన్నేళ్ళ బతుకులో కోమలకు తెలిసింది అంతే. నొప్పిని మనిషి నుంచి విడదీసి, గోడ అవతల నిలబెట్టి, మనిషిని మెలకువగానే ఉంచే మందు ఉంటుందా? అదీ గంటకు ఒక చెంచాడులో ఆవగింజంత? ఆమె మిషను వైపు చూసి తెలియకుండానే చేతులు జోడించింది. పక్క మంచం ఆమె చూస్తోందని దించేసింది.

ఒకటిన్నరకు మలర్ మళ్ళీ వచ్చింది.

"ఐయా, ఇప్పుడు పదిలో ఎంత?"

"తొమ్మిది," అన్నాడు వెంకటకృష్ణయ్య.

మలర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "తొమ్మిదా?" చేతులు రెండూ పైకెత్తి, ఒక బొటనవేలు మడిచి చూపించింది. "ఇంతా?"

ఆయన తల ఊపాడు. ఆమె పరుగెత్తింది.

శిలంబరసన్ వచ్చాడు. "ఒకటి నుంచి తొమ్మిదికా? లోపల ఏదైనా తెగిందేమో," అన్నాడు. కట్టు విప్పి చూశాడు, కడుపు నొక్కి చూశాడు. రక్తం లేదు, ఉబ్బు లేదు. "మార్ఫిన్ తీసుకురా. కొంచెమే వేద్దాం."

కోమల లేచి నిలబడింది.

"వద్దు సారూ."

"అమ్మా, కొంచెం జరగండి."

"ఆయనకు అది పడదు సారూ. ఆరేళ్ళ కిందట…"

"తెలుసు, రాసి ఉంది. చాలా తక్కువ ఇస్తాను. ఊపిరి తగ్గితే విరుగుడు నా జేబులో ఉంది. నేను ఇక్కడే నిలబడతాను. తొమ్మిది నొప్పితో ఒక పెద్దాయన్ను వదిలేసి పోతే నన్ను డాక్టరంటారా?"

"ఇప్పుడేగా గోడ అవతల ఉండాదన్నాడు! మొహం చూడండి సారూ, నొప్పి ఉన్న మొహమా అది?"

"ఆ మందులో ఉన్నవాళ్ళు గోడలంటారు, మేఘాలంటారు. మొహం చూసి నేను మందు ఇవ్వలేనమ్మా. అంకె చూసే ఇవ్వాలి."

"జననమ్మను పిలవండి."

"ఆమె థియేటర్లో ఉంది. ఒక మనిషి కడుపు తెరిచి ఉంది. పిలిస్తే వస్తుందా?"

మలర్ సూది మందు నింపుకుని వచ్చింది. చదువుకున్నవాడు చెప్తున్నాడు, నర్సు చెప్తోంది, ఆయనే నోరు తెరిచి తొమ్మిది అన్నాడు. తనకేం తెలుసు? కోమల చీరె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి వైపు చూసింది.

ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. బొటనవేలు చూపుడువేలు మీద మెల్లగా జరుగుతోంది. ముందుకు, వెనక్కు. ముందుకు, వెనక్కు. ఆ రెండు వేళ్ళ మధ్య ఏమీ లేదు.

ఆ కదలిక ఆమెకు తెలుసు. మిల్లులో అందరికీ తెలుసు. కదురు మీది నూలును రెండు వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు కూడా అటు తిప్పకుండా, ఇది ఇరవై కౌంటు, ఇది నలభై, ఇది అరవై అని చెప్పేవాడు వెంకటకృష్ణయ్య. సూపర్వైజరు తూకం వేసి చూస్తే తప్పేది కాదు. నూలు లెక్క అలాంటిది. మోకులాంటి నూలుకు చిన్న లెక్క. సన్నబడేకొద్దీ లెక్క పెరుగుతుంది. నూరు కౌంటు అంటే కంటికి ఆనీ ఆననంత దారం.

కోమల కొంగు వదిలేసింది.

"తంబీ, ఆగు!" అంది.

సారూ పోయి తంబీ అయింది. ఆ కేకకు పక్క మంచం ఆమె కూడా లేచి కూర్చుంది. కోమల డాక్టరుకూ మంచానికీ మధ్య నిలబడి, మొగుడి మొహం దగ్గరికి వంగింది. మిల్లు మోతలో చెవులు సగం పోయిన మనిషి, పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఆమె పెదాలు బాగా కదిలిస్తూ అడిగింది.

"ఏమయ్యా, పొద్దున రెండు అన్నావే. ఎట్టుండె అది?"

"లావు." మొహం చిట్లించాడు. "బావి మోకు మాదిరి. పురి బిగించి."

"పదకొండున్నరకు ఒకటన్నావు."

"ఇంకా లావు."

"మరి ఇప్పుడు తొమ్మిదన్నావు?"

వేళ్ళు మళ్ళీ ఆడాయి. ఆయన మొహంలో చిన్న నవ్వు. "సన్నం. శానా సన్నం. ఇంకొంచెం పోతే నూరు కౌంటే."

"ఏమంటున్నారు? నాకు తెలుగు రాదు," అన్నాడు శిలంబరసన్.

కోమల మళ్ళీ అరవంలోకి మారింది. "తంబీ, నీకు తొమ్మిదంటే కొండ. ఆయనకు తొమ్మిదంటే వెంట్రుక. మిల్లులో లావు నూలుకు చిన్న లెక్క, సన్న నూలుకు పెద్ద లెక్క. ముప్పై నాలుగేళ్ళు వేళ్ళతో చూసి చెప్పిన లెక్క అది. నొప్పిని కూడా అట్టనే చూసి చెప్తున్నాడు."

శిలంబరసన్ విసుగ్గా నవ్వాడు. "అమ్మా, ఇది ఆసుపత్రి. మిల్లు మూసేసి చాలా కాలమైంది."

"మిల్లు మూసినారు తంబీ. ఆయన వేళ్ళు ఎవరు మూసినారు?"

మలర్ చేతిలోని కాగితం వైపు చూస్తోంది. మెల్లగా అంది, "సార్, అలాగైతే… పొద్దున రెండు అన్నారు. ఒకటి అన్నారు."

"అయితే?"

"అప్పుడే కదా చెమట పట్టింది. అప్పుడే కదా మనం మందు సగానికి తగ్గించింది."

శిలంబరసన్ మొహంలో రంగు మారింది. కాగితం తీసుకుని పై నుంచి కిందికి చూశాడు. అంకెలు ఒక వరస, నాడి ఒక వరస, ప్రాణవాయువు ఒక వరస. చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు. తప్పు వైపుకు పోతున్న మంచివాడు, అంతే.

"ఒక పని చేద్దాం," అన్నాడు గొంతు తగ్గించి. "కుట్ల మీద దిండు అదిమి పెట్టి ఆయన్ను దగ్గమనండి. నిజంగా తొమ్మిదైతే దగ్గలేడు. ఎవడూ దగ్గలేడు."

మలర్ చిన్న దిండు తెచ్చింది. కోమల దాన్ని కట్టు మీద పెట్టి, ఆయన రెండు చేతులూ దాని చుట్టూ వేయించింది. తన చేతులు పైన పెట్టింది.

"దగ్గయ్యా."

ఆయన ఆమె పెదాల వైపు చూశాడు. గాలి తీసుకున్నాడు. ఛాతీ నిండింది. దగ్గాడు.

అది చిన్న దగ్గు కాదు. మంచం ఊగింది. మళ్ళీ దగ్గాడు. మూడోసారి దగ్గేసరికి బూడిద రంగు కఫం మలర్ పట్టుకున్న గిన్నెలో పడింది. గురగురలాడుతున్న ఛాతీ తేటపడింది. ఆయన తల వెనక్కి వాల్చి, "అమ్మయ్య," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ మొహం బిగుసుకోలేదు.

అందరూ తెర వైపు చూశారు. తొంభై. తొంభై ఒకటి. కాసేపు అక్కడే ఆగింది. తొంభై మూడు. తొంభై ఐదు.

శిలంబరసన్ ట్రేలోంచి సూదిని తీసి, దానికి మూత పెట్టి, మలర్‌కు ఇచ్చాడు. "ఇది వాడలేదని రాసెయ్," అన్నాడు. వార్డు చివరి దాకా పోయి వెనక్కి వచ్చాడు. "అమ్మా, తంబీ అన్నారు కాబట్టి చెప్తున్నాను. పొద్దున మందు తగ్గించింది నేనే. ఆయన నాలుగు గంటలు ఊరికే బాధపడ్డారు."

"ఆయనే రెండన్నాడు గదా తంబీ, నువ్వేం చేస్తావు," అంది కోమల. వాడి తల నిమరాలనిపించింది, ఆసుపత్రి కదా అని ఊరుకుంది.

నాలుగు గంటలకు జనని వచ్చేసరికి వెంకటకృష్ణయ్య మంచం అంచున కాళ్ళు కిందికి వేసి కూర్చుని ఉన్నాడు. ఇటు మలర్, అటు కోమల. కడుపు కోసి ఇంకా రెండో రోజు పూర్తి కాలేదు. జనని గుమ్మంలోనే నిలబడిపోయింది. శిలంబరసన్ జరిగింది చెప్తుంటే వింటూ ఆయన్నే చూసింది.

"నూరు కౌంటా?" అంది చివరికి. "నేను పదకొండేళ్ళుగా నొప్పిని కొలుస్తున్నాను. ఇంత బాగా కొలిచినవాళ్ళను చూడలేదు. మేమే కొలబద్దను తలకిందులుగా పట్టుకున్నాం." మంచం దగ్గరికి వచ్చి ఆయన చెయ్యి తీసుకుని, ఆ రెండు వేళ్ళనూ చూసింది. గట్టిపడిన తోలు, మధ్యలో దారం కోసిన సన్నటి గాడి. ఆమె డాక్టరులా కాకుండా గుళ్ళో ఏదో చూస్తున్నట్టు చూసింది.

అప్పుడే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. మొహంలో వెలుగు కొంచెం తగ్గింది.

"అమ్మా, ఆరేళ్ళ కిందటి కాగితాలు ఉన్నాయా? మీ అబ్బాయి లేవన్నాడు."

"ఎందుకు లేవు డాక్టరమ్మా? బీరువాలోనే ఉంటే నిన్న తీసి పెట్టుకున్నాను." కోమల సంచిలోంచి అట్ట ఫైలు ఇచ్చింది.

జనని నిలబడే పేజీలు తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగింది. వేలు ఒక వరస మీద నడిచింది. ఆ వేలు వెంటే కోమల చూపు పోయింది. అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు ఆమెకు. ఎనిమిది. పక్కన సూది గుర్తు. తొమ్మిది. సూది గుర్తు. పది. సూది గుర్తు. దాని కింద ఏమీ లేదు. ఖాళీ.

"డాక్టరమ్మా," అంది కోమల. ఆ పది మీద వేలు పెట్టింది.

"అవునమ్మా. మార్ఫిన్ పడకపోవడం కాదు. నొప్పి తగ్గింది, తగ్గింది, ఇంక లేదు అని ఆయన చెప్తూ పోయారు. చెప్పినప్పుడల్లా వాళ్ళు సూది వేస్తూ పోయారు. ఆ ఊపిరితిత్తులకు అంత ఎక్కిస్తే ఏమవుతుంది? ఈసారి కెటమిన్ లేకుండా మార్ఫిన్ మీదే నడిపి ఉంటే, ఈ మధ్యాహ్నం ఆ తొమ్మిదికి…" అంది జనని.

ఫైలులో ఆ మూడు సూదుల పక్కనా ఒకే సంతకం. మలర్ వంగి చదివింది. "ఆర్. రాజాత్తి," అంది. "రాజాత్తి అక్కా? నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆ అక్కే. మా కురుచికుప్పమే. ఎవరో ఒకామె నా మొగుణ్ణి చంపబోయావని నర్సింగ్ హోం ముందు నిలబడి మట్టి ఎత్తి పోసి తిట్టిందంట. ఉద్యోగం పోయింది. మళ్ళీ ఎవరూ పెట్టుకోలేదు."

మట్టి ఎత్తి పోసిన ఆ చేతులను కోమల కొంగులో చుట్టుకుంది. మలర్ అది చూసింది. అర్థమై, చూపు తిప్పుకుంది.

ఐదు గంటలకు నవనీత్ ఫ్లాస్కులో కాఫీ తీసుకుని వచ్చాడు.

"బండి తియ్యిరా. కురుచికుప్పం పోవాల," అంది కోమల.

"యాడికి? ఇప్పుడెందుకమ్మా?"

"ఒకామె కాళ్ళు పట్టుకోవాల."

మెట్లు దిగుతూ అంతా చెప్పింది. నూలు లెక్క, తలకిందులైన అంకెలు, మూడు సూదులు. నవనీత్ ఒక్క మాటైనా అనలేదు. తనలాగే వీడికీ నోరు పడిపోయినట్టుంది అనుకుంది. బండి మీద వాడి భుజం పట్టుకుని కూర్చుంటే, గుండెల నిండా గాలి కొడుతుంటే, ఇన్నాళ్ళూ మోసిన కోపమంతా ఎంత తప్పు మనిషి మీద మోశానో అనిపించి సిగ్గేసింది. అంతలోనే మొగుడి లోతైన ఊపిరి గుర్తొచ్చి, ఆ సిగ్గులోనే ఒక సంతోషం.

కురుచికుప్పం వీధి మొదట్లోనే నవనీత్ బండి ఆపేశాడు. "నువ్వు పోయి రామ్మా. నేనీడే ఉంటా."

మలర్ గుర్తు చెప్పిన నాలుగో ఇంటి అరుగు మీద రాజాత్తి చేటలో ఎండు చేపలు ఏరుతోంది. నలభై ఐదేళ్ళుంటాయి. తలెత్తి చూసి, వెంటనే గుర్తుపట్టింది.

"ఈసారి ఎవర్ని చంపబోయానమ్మా?" అంది.

కోమల అరుగు కింద నేల మీద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. రాజాత్తి చేతులు చేటలోనే ఆగిపోయాయి. అంతా విన్నాక ఆమె కళ్ళు సముద్రం వైపు పోయాయి. అప్పుడు అంది.

"రెండు సూదుల దాకా నేనూ ఆ అంకెనే నమ్మాను. ఆ పాపం నాదే. మూడోది మాత్రం వెయ్యనన్నాను. ఆయన పది అంటున్నాడు, కళ్ళు మాత్రం వాలిపోతున్నాయి. ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి ఎనిమిది. వెయ్యనని సూది కింద పెట్టేశాను."

"మరి వేసినావే తల్లీ?"

"వేయించారు. మనిషి నొప్పితో చస్తుంటే నర్సు సూది వెయ్యనంటోందని డాక్టరు ఇంటికి ఫోన్ చేసి అరిచి, ఆ ఫోన్ తెచ్చి నా చెవికి పెట్టి వేయించారు. మీ ఇంటి మనిషే."

"మా ఇంటి మనిషా? నేను ఆ పూట ఆడ లేనే! ఎవురు?"

రాజాత్తి చూపు కోమల భుజం మీదుగా వీధి మొదటికి పోయి, అక్కడే నిలిచింది. కోమల తిరిగి చూసింది. నవనీత్ బండి దిగలేదు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆ అబ్బాయిని ఇక్కడికి రమ్మనమ్మా," అంది రాజాత్తి చేట పక్కన పెట్టి లేస్తూ. "ఆ రోజు ఫోన్ పెట్టేశాక మీ ఆయన వాడితో ఒక మాటన్నాడు. అది నేనూ విన్నాను, వాడూ విన్నాడు. ఆ మాట నీకు చెప్పాడా లేదా, నేను వాణ్ణి అడగాలి."